వజ్రమా, పలుగురాయా? గద్వాల కాటా దగ్గర తేల్చుకునే పద్ధతి

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే గద్వాలలో నా దుకాణానికి బంగారం పని తగ్గి రాళ్ల పని పెరుగుతుంది. అలంపురం, అయిజ, మానవపాడు వైపు పల్లెల నుంచి కొందరు తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా తుగ్గలి, జొన్నగిరి చేలలోకి వజ్రాలు వెతకడానికి వెళతారు. తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి లోపలి రాళ్లు బయటపడతాయి. చెట్టు కిందే వండుకుని తిని, రెండు మూడు రోజులు నడుం వంచి ఏరి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రల డబ్బాలో దూది పరిచి తెచ్చిన వాటిని నా ముందు పోస్తారు. "చారిగారూ, ఒకసారి చూడండి" అంటారు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. అలా పోసిన వాటిలో నేను గట్టిగా వజ్రమని చెప్పగలిగినవి రెండు. తక్కినవన్నీ పలుగురాళ్లు, స్ఫటికాలు, గాజు పెంకులు.

నేను రత్నశాస్త్రం చదువుకున్నవాణ్ని కాదు. మా నాన్న దగ్గర అవుసలి పని నేర్చుకున్నవాణ్ని. నా దగ్గర ఉన్నవి మిల్లీగ్రాము దాకా చూపే కాటా, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక పట్టకారు, గాజుగ్లాసు, సన్నని రాగితీగ. వీటితోనే నూటికి తొంభైతొమ్మిది రాళ్ల సంగతి తేలిపోతుంది. ఆ ఒక్కదాని సంగతి చివర చెబుతాను, అందులో నా తప్పు కూడా ఉంది.

మన నేలలో పలుగురాయికి కొదవ లేదు. పాత పాలమూరు జిల్లాలో చాలా భాగం నల్లరాతి నేల, ఆ బండల పగుళ్లలో తెల్లగా చారలు కట్టి ఉండేది పలుగురాయే. బండ శిథిలమై మట్టిగా మారినా అది అరగదు, అందుకే ఏ చేను దున్నినా గట్టు మీద కుప్ప పడేంత దొరుకుతుంది. పాలలా తెల్లగా ఉంటే ఎవరూ మోసపోరు. అందులోనే అక్కడక్కడా నీళ్లలా తేటగా ఉండే ముక్కలు, అంటే స్ఫటికాలు, వస్తాయి, వాటితోనే గొడవంతా. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల్లో భూగర్భ శాస్త్రవేత్తలు కింబర్లైట్ శిలలను గుర్తించారు. వజ్రాలను భూమి లోతుల నుంచి పైకి మోసుకొచ్చేది ఆ శిలే. ఈ మాట పేపర్లో వచ్చినప్పుడల్లా ఆ వైపు నుంచి నాకు రాళ్లు వస్తాయి. కింబర్లైట్ అంతటా వజ్రాలు ఉండవు. ప్రపంచంలో తవ్వి లాభపడేంత వజ్రం ఉన్న కింబర్లైట్లు బహు కొద్ది. అలాగని కృష్ణ ఒడ్డున దొరికిందంటే నేను చూడకుండా కొట్టిపారేయను. నల్లగొండకు ఎదురుగా నది ఆవలి ఒడ్డున ఉన్న కొల్లూరు గనులు ఒకప్పుడు ప్రపంచానికే పేరు మోసినవి, కోహినూరు అక్కడిదేనని చెబుతారు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

సరే, రాయి చేతిలో ఉంది. ముందు కడగండి. సబ్బునీళ్లలో పాత పళ్లబ్రష్షుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత వేళ్లతో ముట్టుకోకుండా పట్టకారుతో పట్టుకోండి. చెయ్యి జిడ్డు కింద చెప్పబోయే పరీక్షలు రెండింటిని చెడగొడుతుంది.

ఎండలో ధగధగ మెరిసిపోతోందా? అయితే నాకు అప్పుడే అనుమానం వస్తుంది. నగలో చూసే వజ్రం మెరుపు సానపట్టినవాడి చేతి పని. మట్టిలోంచి వచ్చిన వజ్రం పటికబెల్లం పలుకులా, కాస్త చీకి వదిలేసినట్టు ఉంటుంది. ఆముదం పూసినట్టు జిడ్డుగా కనబడే ఒక కాంతి ఉంటుంది దానికి, ఎంత తుడిచినా పోదు. రంగు కూడా తేట తెలుపే కానక్కరలేదు, పసుపు, గోధుమ, బూడిద ఛాయలు మామూలే. కొత్తగా విరిగిన స్ఫటికం మాత్రం అద్దంలా తళతళలాడుతుంది. మొదట పారేసేది వజ్రాన్ని, దాచుకునేది స్ఫటికాన్ని అయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

తర్వాత ఆకారం. మా నాన్న నాకు లెక్క ఒకటి అప్పజెప్పించేవాడు: ఆరు మొనలు, ఎనిమిది పక్కలు, పన్నెండు అంచులు. మన పాత రత్నపరీక్ష గ్రంథాల్లో వజ్రానికి చెప్పిన లక్షణం ఇదే. రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు అతికిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, లెక్క సరిపోతుంది. నదిలోనో నేలలోనో దొరికేవాటికి అంచులు ఉబ్బి గుండ్రమై ఉండవచ్చు, సగం విరిగి ఉండవచ్చు, కాబట్టి లెక్క కుదరలేదని కొట్టేయకండి. స్ఫటికానిది వేరే లెక్క. ఆరు పలకల కడ్డీ, కొసన మొన. ఆ పలకలను భూతద్దంతో చూస్తే కడ్డీకి అడ్డంగా సన్నని గీతలు వరసగా కనిపిస్తాయి. ఆ అడ్డగీతలు చూశానంటే నేను ఇక కాటా దాకా పోను.

వజ్రం పక్కల మీద కనిపించేవి గీతలు కావు, చిన్న చిన్న త్రికోణపు గుంటలు. ముఖం ఒక త్రికోణం అనుకుంటే లోపలి గుంటలు దానికి తలకిందులుగా ఉంటాయి. నేను చూసిన రెండు రాళ్లలో ఒకదాని మీద ఇవి ఉన్నాయి. ఉదయం పూట కిటికీ వైపు తిప్పి, రాయిని మెల్లగా వంచుతూ ఉంటే, ఒక వంపు దగ్గర ఆ గుంటలన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయాయి, చీమతల కన్నా చిన్నవి, అచ్చు పోసినట్టు అన్నీ ఒకే దిక్కుకు. పలుగురాయి మీద నాకు ఎన్నడూ అలా కనబడలేదు.

గాజు సంగతి తేలిక. లోపల గుండ్రని గాలి బుడగలు కనిపిస్తే అది గాజే. సీసా పెంకు నదిలో దొర్లి దొర్లి నునుపెక్కితే చూడ ముచ్చటగా ఉంటుంది కాని బుడగ దాగదు. ఈ మధ్య ఎక్కువగా వస్తున్నది మరో రకం. 44వ నంబరు జాతీయ రహదారి మన జిల్లాల మీదుగా పోతోంది కదా, ప్రమాదాల్లో పగిలిన కార్ల పక్క అద్దాలు చిన్న చిన్న దిమ్మలుగా రాలి, వానకు కాలువల్లోకి, చేలలోకి చేరతాయి. ఆ దిమ్మకు రెండు ఎదురెదురు ముఖాలు ఒకే మందంలో, పలక గీసినట్టు నునుపుగా ఉంటాయి. పక్క నుంచి చూస్తే లేత ఆకుపచ్చ. శాంతినగర్ వైపు నుంచి ఒక యువకుడు అలాంటివి పదకొండు తెచ్చాడు, పదకొండూ ఒకే మందం. నవ్వితే బాధపడతాడని నవ్వలేదు.

ఇప్పుడు చేయకూడని పనులు. ఇది ముందే చెప్పాల్సింది, ఎందుకంటే చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఇవన్నీ చేసి వస్తారు.

సుత్తితో కొట్టకండి. వజ్రం పగలదని, పగిలిందంటే వజ్రం కాదని ఊళ్లలో బలంగా నాటుకుపోయిన మాట. వజ్రాన్ని వజ్రమే కోయాలనే సామెత గీత గురించి, దెబ్బ గురించి కాదు. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చీలిపోయే గుణం ఉంది, సరైన చోట తగిలితే చిన్న దెబ్బకే రెండవుతుంది. నిజం వజ్రాన్ని ముక్కలు చేసి, గాజనుకుని పారబోసి వెళ్లినవాళ్లు ఎందరున్నారో!

నిప్పుల్లో పెట్టి నీళ్లలో వేయకండి. వజ్రం బొగ్గు జాతిది. గాలి తగులుతుండగా ఎర్రగా కాలిస్తే పైపొర కాలి మసకబారుతుంది. మేము పాత నగకు మాటు వేసేటప్పుడు కూడా రవ్వ ఉంటే జాగ్రత్త పడేది ఇందుకే.

ఇక గాజు మీద గీసి చూడటం. అందరూ చేసేది, అందరినీ మోసం చేసేది ఇదే. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే కొలత ఉంది. మామూలు గాజు ఐదున్నర దగ్గర, పలుగురాయి 7, పుష్యరాగం (టోపాజ్) 8, కెంపు, నీలం 9, వజ్రం 10. అంటే మీ గట్టు మీది పలుగురాయి కూడా గాజును శుభ్రంగా గీస్తుంది. గాజు మీద గీత పడకపోతే అది వజ్రం కాదని తేలుతుంది, పడితే ఏమీ తేలదు. ఇటిక్యాల నుంచి ఒకాయన ఇంట్లో నిలువుటద్దమంతా గీసి, ఇంటావిడతో తిట్లు తిని, పలుగురాయి పట్టుకుని వచ్చాడు.

నా నమ్మకమంతా కాటా మీద. కంటికి ఆశ ఉంటుంది, కాటాకు ఉండదు. ఒకే పరిమాణం నీటితో పోలిస్తే పలుగురాయి 2.65 రెట్లు బరువు, కిటికీ గాజు రెండున్నర రెట్లు, వజ్రం 3.52 రెట్లు. ఈ తేడా చేతికి అందదు, కాటాకు అందుతుంది.

కిందటి జూన్‌లో మల్దకల్ దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. వేరుశనగ చేలలో కూలికి వెళ్లే మనిషి, ఏటా జొన్నగిరికి కూడా వెళుతుంది. కొంగు ముడి విప్పి చిక్కుడు గింజంత రాయి తీసింది. అంచులు అరిగి, ఏ లెక్కకూ అందని ఆకారం. గాజును గీస్తోందని ఆమె ముందే చూసుకుంది. ఆ రోజు చేసింది చేసినట్టు చెబుతాను, మీరూ చేయవచ్చు.

రాయిని పొడిగా కాటా మీద పెట్టాను. 1.86 గ్రాములు, అంటే 9.3 క్యారెట్లు. ఒక క్యారెట్ అంటే గ్రాములో ఐదోవంతు. దాన్ని తీసి పక్కన పెట్టి, కాటా మీద సగం దాకా నీళ్లున్న చిన్న గ్లాసు ఉంచాను. అటూ ఇటూ రెండు పెట్టెలు పెట్టి, వాటి మీద ఒక పుల్ల అడ్డంగా వేసి, ఆ పుల్లకు సన్నని రాగితీగతో అల్లిన చిన్న ఉట్టి కట్టి గ్లాసు నీళ్లలోకి దించాను. పుల్లా పెట్టెలూ కాటాను తాకకూడదు. ఉట్టి గ్లాసు అడుగునూ గోడనూ తాకకూడదు. అప్పుడు కాటాను సున్నా చేశాను. పట్టకారుతో రాయిని ఉట్టిలో పెట్టి, ఫ్యాను ఆపేసి, అంకె నిలిచేదాకా ఆగాను. 0.70.

ఆ అంకె రాయి బరువు కాదు. రాయి నీళ్లలో ఎంత చోటు ఆక్రమించిందో అంత నీటి బరువు. ఇప్పుడు మొదటి అంకెను రెండో అంకెతో భాగించాలి. 1.86ను 0.70తో భాగిస్తే 2.66. పలుగురాయి. అదే బరువున్న వజ్రమైతే నీళ్లలో 0.53 చూపించేది.

ఆమె అంకె వైపు చూసి, "ఇంకోసారి పెట్టు అన్నా" అంది. పెట్టాను. ఎవరు అడిగినా రెండోసారి పెడతాను, అడగకపోయినా పెడతాను. రాయికి అంటుకున్న గాలి బుడగ ఒక్కటి ఉన్నా నీటి అంకె పెరిగి, వజ్రం కూడా పలుగురాయిలా కనిపించగలదు. అందుకే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు ద్రావణం కలిపి, సూదితో రాయిని తట్టి బుడగలు వదిలిస్తాను. రెండోసారీ 0.70 వచ్చింది. ఆమె రాయిని మళ్లీ కొంగున ముడేసుకుంది. "పాప ఆడుకుంటుందిలే" అంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. రాయి చిన్నదైతే కాటా ఎంత సన్నంగా తూస్తుందో చూసుకోవాలి. ఒక క్యారెట్ రాయి నీళ్లలో వజ్రమైతే 0.057 గ్రాములు, పలుగురాయి అయితే 0.075 గ్రాములు చూపాలి. గ్రాములో వందో వంతు మాత్రమే చూపే కాటా ఆ రెంటినీ 0.06, 0.08 అంటుంది, అటో ఇటో ఒక్క అంకె జారితే తీర్పు తారుమారు. మిల్లీగ్రాము కాటా లేకపోతే పప్పుబద్ద కన్నా చిన్న రాళ్లతో ఈ పని పెట్టుకోకండి. మెడలో వేసుకునే అమెరికన్ డైమండ్ ముక్కలు కూడా కొందరు తెస్తారు, అవి దాదాపు 6 దగ్గర పలుకుతాయి, వజ్రం కన్నా బాగా బరువు.

కాటా లేనివాళ్లకు కిరాణా కొట్టులో దొరికే పరీక్ష ఒకటి ఉంది, లవంగ నూనె. పంటి నొప్పికి పెట్టుకునేదే. తెల్లని పింగాణీ గిన్నెలో రాయి మునిగేంత పోసి, రాయిని అందులో వేసి పైనుంచి చూడండి. లవంగ నూనె కాంతిని వంచే తీరు, గాజూ స్ఫటికమూ వంచే తీరు దాదాపు ఒకటే. అందుకే తేట స్ఫటికం అంచులు ఆ నూనెలో కరిగిపోయినట్టయి, రాయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. వజ్రం కాంతిని చాలా ఎక్కువగా వంచుతుంది కనుక నూనెలో కూడా నల్లని అంచుతో నిలబడి కనిపిస్తుంది. నిజమైన వజ్రం నీళ్లలో మాయమవుతుందని కొందరు చెబుతారు, అది పూర్తిగా తిరగబడిన మాట. లవంగ నూనె లేకపోతే వేరుశనగ నూనె వాడవచ్చు, తేడా అంత స్పష్టంగా ఉండదు. రాయి పైన గరుకు పొర ఉన్నా నూనె దాన్ని తేటపరుస్తుంది, లోపలి బుడగలు, పగుళ్లు కూడా అప్పుడే కనబడతాయి. పేపరు మీద రాయి పెట్టి అక్షరాలు కనబడతాయో లేదో చూసే పద్ధతి సానపట్టిన రాళ్లకే, ముడి రాయికి పనికిరాదు.

ఊపిరి పరీక్ష గురించి అందరూ విన్నారు కాని సరిగా చేసేవాళ్లు తక్కువ. వజ్రం వేడిని రాగి కన్నా దాదాపు ఐదు రెట్లు వేగంగా లాగేసుకుంటుంది. నోటి ఆవిరి ఊదితే పట్టిన మసక చూస్తుండగానే పోతుంది, పలుగురాయి మీద కాసేపు నిలుస్తుంది. కాసేపు అంటే ఎంత అనే చోటే అందరూ పొరపడేది. అందుకే తెలిసిన పలుగురాయి ఒకటి అదే పరిమాణంలో పక్కన పెట్టుకుని, రెంటి మీదా ఒకేసారి ఊదాలి. రెంటినీ అరగంట ఒకే గదిలో, చేయి తగలకుండా ఉంచాలి. నునుపైన ముఖం లేని రాయికి ఇది చేసి లాభం లేదు. పెన్నులా ఉండే వజ్ర పరీక్ష యంత్రం పనిచేసేదీ ఈ వేడి సూత్రం మీదే. నా దగ్గరా ఒకటి ఉంది. మొన రాయికి కాక పట్టకారుకు తగిలినా అది కూస్తుంది, మోయిసనైట్ అనే కృత్రిమ రాయికీ కూస్తుంది. మట్టిపొర ఉన్న ముడి వజ్రానికి ఒక్కోసారి కూయదు.

నీటిచుక్క పరీక్ష నాకు ఇష్టం. సబ్బుతో కడిగి ఆరిన రాయి మీద సూదిమొనతో ఒక చుక్క పెడితే, వజ్రం మీద తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా కూర్చుంటుంది, పలుగురాయి మీద పరుచుకుంటుంది. వజ్రానికి నీళ్లంటే గిట్టదు, జిడ్డు అంటే ఇష్టం. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్లతో పారిస్తే వజ్రాలు మాత్రం అంటుకుని ఉండిపోయేవి. కాని చాలాకాలం నదిలో నానిన రాయికి పైన ఉప్పుపొర పడితే ఈ గుణం పోతుంది, కాబట్టి దీన్ని సాక్షిగా పెట్టుకోండి, న్యాయమూర్తిగా కాదు.

ఇన్నీ దాటిన రాయి ఉంటే దాన్ని వేరే రాళ్లతో కలపకుండా కాగితం పొట్లంలో కట్టి, హైదరాబాదులో రత్నపరీక్ష చేసి ధ్రువపత్రం ఇచ్చే ప్రయోగశాలకు తీసుకెళ్లండి. చేను దగ్గరే కొంటామని బండి మీద తిరిగేవాళ్లకు ఆ రోజే అమ్మకండి. రాయి కొనే మాటైతే ఇంకా జాగ్రత్త. అక్కడే నా తప్పు జరిగింది.

ఎనిమిదేళ్ల కిందట ధరూర్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఎవరో ఒకరోజు గడువిచ్చి రాయి చూపించుకోమన్నారట, నచ్చితే నలభై వేలు. పెళ్లిళ్ల రోజులు, నా బల్ల మీద మూడు పుస్తెలతాళ్లు పనిలో ఉన్నాయి. తేట రాయి, గాజును గీసింది, గాలి బుడగల్లేవు. ఉట్టిలో వేసి తూచాను. 3.54. నాకు గుండె కొట్టుకుంది. వజ్రం 3.52, ఇంత దగ్గరగా మరేది వస్తుంది అనుకుని, "రాయి మంచిదే" అన్నాను. ఆ ఒక్క మాట మీద అతను డబ్బు కట్టాడు. పదిహేను రోజుల తర్వాత హైదరాబాదు నుంచి తిరిగి వచ్చి, పొట్లం నా బల్ల మీద పెట్టాడు. తెల్ల పుష్యరాగం.

ఒకే పరిమాణంలో పుష్యరాగం బరువు వజ్రం బరువుతో దాదాపు సమానం. అమ్మినవాడికి కాటా సంగతి తెలిసే ఆ రాయిని ఎంచుకుని ఉంటాడు. ఆ రాత్రి కొట్టు మూశాక, చేయాల్సిన పనులన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను. ఊపిరి మసక పలుగురాయి మీద నిలిచినంత సేపూ నిలిచింది. ఒక కొసన అద్దంలా చదునుగా చీలిన ముఖం ఉంది, పుష్యరాగం ఒకే దిక్కున అలా చీలుతుంది. పాత ఉంగరంలోంచి ఊడిన కృత్రిమ కెంపు ముక్కతో అడుగు భాగంలో చిన్నగా గీశాను. కెంపు 9, ఇది 8. తెల్లని గీత పడింది, తడి బొటనవేలితో రుద్దినా పోలేదు. వజ్రమైతే కెంపు మొనే అరిగేది. మూడు నిమిషాల పని.

సగం డబ్బు ఇస్తానన్నాను. అతను తీసుకోలేదు, రాయీ తీసుకోలేదు. అది నా సొరుగులోనే ఉంది. ఇప్పుడు ఎవరు ఏ రాయి తెచ్చినా ముందు దాన్ని ఉట్టిలో వేసి తూస్తాను, తెచ్చినవాళ్లకు అంకె చూపిస్తాను. ఇప్పటికీ 3.54 అనే అంటుంది.